మూడో మానిటర్

రెండో మానిటర్ కూడా వెనక్కి ఇచ్చేయాలని అక్క అన్నప్పుడు తమ్ముడు టీ తాగుతున్నాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, ఆ తెర ముందు కూర్చున్నాడు. ఎక్కడుందో చూపించమన్నాడు.

అక్క అతని భుజం మీదుగా వంగి కుడివైపు అడుగు మూలను వేలితో చూపించింది. అక్కడ మసకగా ఉందని, లోపల దీపం సరిగ్గా వెలగనట్టు నీడ పడుతోందని చెప్పింది. తమ్ముడు తెరంతా తెల్లగా చేసి చూశాడు. బూడిద రంగు వేసి చూశాడు. గది కిటికీ మూసి మరీ చూశాడు. మచ్చలేని తెల్ల గోడలా ఉంది తెర. ఆమె కూడా ఆ మూలనే తేరిపార చూస్తే నీడ లేదు. చూపు మధ్యకు తెచ్చుకున్నాక నీడ మళ్లీ వచ్చి కూర్చుంది.

"నువ్వు చూస్తే ఉంటుంది, నేను చూస్తే ఉండదు. ఇదెక్కడి మసకక్కా?" అన్నాడు తమ్ముడు.

జవాబు లేనప్పుడు ఆమెకు కోపం వస్తుంది. తనకేమీ సరదా కాదని, రోజంతా ఆ తెరతో కళ్లు కలిపి బతికేది తనేనని గట్టిగానే అంది.

అదీ నిజమే. వాళ్లిద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్. పగలంతా అది అక్కది. కట్టబోయే భవనాలకు ఆర్కిటెక్ట్ ఆఫీసు వాళ్లు పంపిన చిత్తు బొమ్మలను కొలతలతో సహా సాపు చేసి గీయడం ఆమె పని. గోడ గీత, తలుపు గీత, గొట్టం గీత, కరెంటు తీగ గీత, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వెంట్రుకవాసి ఎడంతో పోతుంటాయి. ఒక్కటి తప్పినా కట్టే చోట మేస్త్రీ ఎవరినో తిడతాడు, ఆ తిట్టు తిరిగి తిరిగి ఆమెకే చేరుతుంది. చిన్నప్పటి నుంచి ఆమెవి సోడాబుడ్డి కళ్లద్దాలు. వాటి వెనకాల నుంచే ఆఫీసులో ఎవరికీ కనబడని తప్పులు పట్టేది. అందుకే ఆఫీసు పెద్దాయన ఈసారి ఆసుపత్రి భవనం పని ఏరి కోరి ఆమెకే ఇచ్చాడు. సోమవారానికల్లా మొత్తం పంపాలి.

సాయంత్రం అయ్యాక కంప్యూటర్ తమ్ముడిది. పగలు కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు ఊరువారీగా విడదీసి, ఇంటికి రాగానే హెడ్‌ఫోన్ తగిలించుకుని, నలుగురు స్నేహితులతో కలిసి తుపాకుల ఆట ఆడతాడు. జట్టులో అతన్ని అందరూ 'గురి' అని పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఈ ఏడు వాళ్ల జట్టు ఒక పెద్ద పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చింది. ఆ ఆట కూడా ఇవాళ సాయంత్రమే, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఆడాలి. అందుకే అతను ఇవాళ పనికి సెలవు పెట్టాడు. పాత మానిటర్ చూస్తే ఈ నెల మొదట్లో చిటపటమని ప్రాణం వదిలేసింది.

కొత్తది కొనేటప్పుడే ఇద్దరికీ పెద్ద రాద్ధాంతం అయింది. అక్కకు కావలసింది సన్నని గీత కూడా చెరగకుండా చూపే 4K తెర. తమ్ముడికి కావలసింది వేగం. బొమ్మ కళ్లు మూసి తెరిచేలోగా మారిపోవాలి, లేకపోతే శత్రువు కనబడేసరికి తను చచ్చి ఉంటాడు. 'బొమ్మ అంత స్పష్టంగా ఉంటే నిన్ను చంపినవాడి ముఖమైనా బాగా కనబడుతుంది కదరా' అని ఆమె ఎకసెక్కమాడింది. చివరికి రెండూ ఉన్నదాన్నే, ఇద్దరి జీతాలూ కలిపి, తెచ్చుకున్నారు.

తెచ్చిన మర్నాటి నుంచే ఆమెకు తెర మీద నలుసులు కనబడ్డాయి. మెత్తటి గుడ్డతో తుడిచింది. తుడిచినకొద్దీ అవి పక్కకు జరిగాయి తప్ప పోలేదు. తెరలోని చుక్కలు, అదే పిక్సెళ్లు, చచ్చాయేమో అనుకుంది. ఆపైన తెర అంచున ఏదో మెరుపు తళుక్కుమని పోవడం మొదలైంది. ఇదంతా నీ వేగం మహిమేనని తమ్ముణ్ణి దెప్పి, మానిటర్ మార్పించింది. షాపాయన మారుమాట లేకుండా అదే రకంలో ఇంకొకటి ఇచ్చాడు. దానికి ఇప్పుడు ఈ నీడ.

"అక్కా, ఒక మాట అడుగుతా, కోప్పడకు," అన్నాడు తమ్ముడు. "నేను ఆడటం నీకు ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మానిటర్ మీద పెట్టకు."

ఆ మాట ఆమెకు ములుకులా గుచ్చుకుంది. పద షాపుకి, అంది. ఇద్దరూ పెట్టె సర్దుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మెట్లు దిగారు.

షాపులో ఆ మధ్యాహ్నం జనం పెద్దగా లేరు. ఒక గోడ పొడుగునా మానిటర్లు వరసగా వెలుగుతున్నాయి, అన్నిటిలోనూ ఒకే జలపాతం ఒకేసారి దూకుతోంది. షాపాయన పెట్టె చూడగానే పెదవి బిగించాడు. అయినా మర్యాద తప్పలేదు. పెట్టె విప్పి, మానిటర్‌ను తన పరీక్ష బల్ల మీద పెట్టి, ఒక్కొక్క రంగూ వేసి చూపించాడు. తన దగ్గరి కుర్రవాళ్లతోనూ చూపించాడు. అందరూ బాగుందనే అన్నారు.

"అమ్మా, మీరు చెప్పిన చోట నాకేం కనబడటం లేదు," అన్నాడు. "మీ మాట కాదనను. అదుగో, ఆ చివరిది ఇంకొక కంపెనీది. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెడతాను. ఏది నచ్చితే అది పట్టుకెళ్లండి. మూడోసారి మాత్రం నావల్ల కాదు."

రెండు తెరలూ పక్కపక్కన చేరాయి. తమ్ముడు కొత్త కంపెనీదాని ముందు కూర్చుని ఆట పెట్టుకున్నాడు. షాపాయన వాళ్లు తెచ్చినదాని మీద నిలువు గీతలూ అడ్డ గీతలూ ఉన్న గళ్ల బొమ్మ ఒకటి పెట్టాడు. నేత గళ్ల గుడ్డలా ఉందది, తిన్నటి నల్లగీతలు, మధ్యలో ఒక చుక్క.

ఆమె చుక్కను చూసింది. చుక్కకు కాస్త కింద, కుడివైపున, గీతలు వంగి ఉన్నాయి. ఎండకు మెత్తబడిన మైనపు కడ్డీల్లా లోపలికి జారిపోయి ఉన్నాయి.

ఇదుగో, దొరికింది, అనబోయింది. దీని గీతలు వంగాయని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అంతలో ఆమె చూపు పక్కనున్న తెర మీద పడింది. తమ్ముడి ఆటలో ఒక పొడుగాటి గోదాము ఉంది. దాని స్తంభం కూడా అదే చోట వంగింది. ఆమె తల తిప్పింది. షాపు గుమ్మానికి ఉన్న ఇనుప ఊచలు వంగాయి. ఎదురింటి కిటికీ అంచు వంగింది. కిందవైపు, కుడి మూలన, ఆ నీడ కూడా తనతో పాటే షాపంతా తిరిగి వచ్చింది.

జుట్టు సర్దుకుంటున్నట్టు చెయ్యి పైకెత్తి, ఎడమ కన్ను మూసుకుంది. ఊచలు తిన్నగా నిలబడ్డాయి. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూసింది. ఊచలు కరిగిపోయాయి. వాటి కింద చీకటి గుడ్డ ఒకటి, ఎవరో కింది నుంచి పైకి లాగుతున్న తెరలా, గుమ్మంలో సగానికి వచ్చి ఉంది.

నలుసులు, మెరుపు, నీడ. ఏ మానిటర్ తప్పూ లేదు.

"అక్కా, ఇటు చూడు. ఇది బాగుంది కదా?" అని తమ్ముడు తల తిప్పకుండానే అడిగాడు.

"బాగుంది," అంది ఆమె. "ఇదే తీసుకుందాం."

గొంతు తనది కానట్టు వినిపించింది. అతను ఆట ఆపి వెనక్కి తిరిగి చూశాడు. వెంట్రుకవాసి తేడాకు గంటసేపు వాదించే మనిషి, కనీసం దగ్గరికైనా వచ్చి చూడకుండా ఒప్పేసుకుంది. గెలిచానని మొదట ఒక నవ్వు వచ్చింది అతనికి. ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. ఆమె కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుస్తోంది, తుడిచిన దాన్నే తుడుస్తోంది.

షాపు మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు ఆమె కంటికి ఆనలేదు. కాలు గాలిలో పడింది. తమ్ముడి చేతిలో పెట్టె ఉంది, అయినా మోచేత్తో ఆమెను ఆపాడు. ఏమైందని అడిగితే చెప్పు జారిందని అంది. ఇంటికొచ్చే దారంతా స్కూటర్ వెనక కూర్చుని పెట్టెను గుండెలకు అదుముకుని, ఒక్కటే లెక్క వేసుకుంటూ వచ్చింది. ఇవాళ శుక్రవారం. సోమవారానికి ఆసుపత్రి బొమ్మలు పంపాలి. కుడి కన్ను బాగానే ఉంది. దాంతో లాగించి, సోమవారం సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లవచ్చు. ఇప్పుడు ఈ మాట ఆఫీసులో పొక్కితే? కళ్లతో బతికే మనిషికి కన్ను బాగాలేదని తెలిస్తే ఇంకెవరైనా పని చేతికిస్తారా? మళ్లీ అంతలోనే, ఇది దానంతట అదే తగ్గిపోతుందేమో, నిద్ర చాలక వచ్చిందేమో అని తనకు తనే నచ్చజెప్పుకుంది. ఆ మాట తనే నమ్మలేదు.

ఇంటికి వచ్చాక తమ్ముడు మానిటర్ బిగించాడు. తన ఆటకు ఇంకా వేళ ఉంది కాబట్టి ముందు నువ్వు పని చూసుకోమని చెప్పి, వంటగదిలోకి నీళ్ల కోసం వెళ్లాడు. ఆమె ఆసుపత్రి బొమ్మ తెరిచింది. ఆపరేషన్ గదుల వరస. తిన్నగా పోవలసిన నడవా గోడ మధ్యలో నడుం వంచుకుని నిలబడింది. ఆమె ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని రెండు గీతలు గీసింది. చెయ్యి మార్చి కుడి కన్ను మూసుకుంది. చీకటి గుడ్డ షాపులో ఉన్న చోటుకంటే పైకి వచ్చింది. మళ్లీ చెయ్యి మార్చింది.

"ఏం చేస్తున్నావక్కా?"

తమ్ముడు గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

కంట్లో ఏదో పడిందని అంది. అతను గ్లాసు బల్ల మీద పెట్టి, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె కుడి కన్ను తన చేత్తోనే మూసి, రెండో చెయ్యి ఆమె ఎదుట, కాస్త కిందగా పట్టుకున్నాడు.

"ఎన్ని వేళ్లు?"

ఆమె ఎడమ కన్ను చికిలించింది.

"అక్కా, ఎన్ని వేళ్లు?"

"చెయ్యే కనబడటం లేదురా," అంది ఆమె. సోమవారం పంపేశాక చూపించుకుంటానని, రెండు రోజుల్లో మునిగిపోయేదేమీ లేదని, నీ ఆట వేళవుతోంది, ముందు అది ఆడుకొమ్మని గబగబా చెప్పుకుపోయింది.

షాపుకి బయల్దేరే ముందు తను అన్న మద్దెల మాట తమ్ముడికి గుర్తొచ్చి ఉండాలి. దాని ఊసెత్తలేదు. "గోడకు బీట కనబడితే పని ఆపించమని నువ్వే ఆఫీసులో కొట్లాడతావు. కంటికి బీట పడితే సోమవారం దాకా ఆగుతావా?" అన్నాడు. లేచి స్కూటర్ తాళం తీసుకున్నాడు.

మెట్లు దిగుతూనే జట్టుకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు అరవడం ఆమెకు కూడా వినిపించింది. తమ్ముడు ఇవాళ ఆడలేనని ఒక్కటే మాట చెప్పి ఫోన్ జేబులో పడేశాడు. దారిలో రోడ్డు గుంతలన్నీ ఏరుకుని తప్పిస్తూ, గుడ్ల బుట్ట మోస్తున్నవాడిలా బండి నడిపాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు బడికి తీసుకెళ్లేటప్పుడు వీడే తన కొంగు పట్టుకునేవాడు.

కంటి ఆసుపత్రిలో చీటీలు ఇచ్చే కిటికీ అప్పుడే మూస్తున్నారు. రేపు రమ్మంది అక్కడి అమ్మాయి. తమ్ముడు గొడవ పడబోయాడు గానీ, అక్క అతన్ని పక్కకు జరిపి, నీడ సంగతి, మెరుపుల సంగతి, గీతలు వంగే సంగతి తనే వరసగా చెప్పింది. ఆ అమ్మాయి చేతిలో కలం ఆగిపోయింది. ఎప్పటి నుంచి, అని ఒకటే అడిగి, లోపలికి పరుగెత్తింది.

కంట్లో చుక్కలు వేశారు. కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టారు. తర్వాత చీకటి గదిలో డాక్టరమ్మ నుదుటికి దీపం తగిలించుకుని, పైకి చూడు, కిందికి చూడు, పక్కకు చూడు అంటూ చాలాసేపు చూసింది. ఆ వెలుగు సూదిలా దిగుతున్నా అక్క కదల్లేదు. మూలన నిలబడ్డ తమ్ముడు ఊపిరి తీయడం కూడా వినబడుతోంది.

"ఏం పని చేస్తారమ్మా మీరు?" అంది చివరికి డాక్టరమ్మ. చెప్పాక తల పంకించింది. "అయితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. కంటి లోపలి గోడకు పల్చటి పొర ఒకటి అతుక్కుని ఉంటుంది. బొమ్మ పడేది దాని మీదే. మీకు అది పైభాగంలో చిరిగి, గోడకు అంటించిన కాగితం చెమ్మకు ఊడినట్టు ఊడి వస్తోంది. అద్దాల నంబరు బాగా ఎక్కువున్న వాళ్లకు ఇలా జరుగుతుంది. నడిమధ్య భాగం ఇంకా పట్టుకునే ఉంది. అంచు మాత్రం లేస్తోంది, అందుకే గీతలు వంగుతున్నాయి."

"సోమవారం..." అంది ఆమె.

"సోమవారానికి మధ్యది కూడా ఊడిపోతే, ఆపరేషన్ అప్పుడూ చేస్తాను. సన్నగీతలు చూసే చూపు మాత్రం తెచ్చి ఇవ్వలేను. రేపు పొద్దున మొదటి ఆపరేషన్ మీదే. ఈ రాత్రి ఇక్కడే పడుకోండి, మేం చెప్పిన వైపుకే. లేవద్దు, వంగద్దు."

ఆ రాత్రి డాక్టరమ్మ చెప్పిన వైపుకే ఆమె పడుకుంది. తమ్ముడు మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఆఫీసు పెద్దాయనకు అతనే ఫోన్ చేశాడు. ఆయన ఆ పని ఇంకొకరికి ఇవ్వక తప్పదని, బాగయ్యాక కనబడమని చెప్పాడట. కనబడమన్నాడు అంటే ఇస్తాననా, ఇవ్వననా అని ఆమె అడిగింది. తమ్ముడు ఆమె దుప్పటి సర్దాడు. జట్టు నుంచి కూడా ఫోన్ వచ్చింది. అతని బదులు ఎవరినో దింపారు, గెలిచారు. ఆ సంగతి చెప్పేటప్పుడు అతని ముఖం చూసి, అంత భయంలోనూ అక్కకు నవ్వొచ్చింది. నువ్వు లేకపోయినా గెలుస్తారా అని అడగబోయి, నాలుక కరుచుకుంది.

పొద్దున ఆపరేషన్ చాలాసేపు పట్టింది. కంటి చుట్టూ మత్తు ఇచ్చారు గానీ ఆమె మెలకువగానే ఉంది. డాక్టరమ్మ గొంతు, పనిముట్ల చప్పుడు, ఎక్కడో నీళ్లలోంచి చూస్తున్నట్టు వెలుగు. గోడ కాగితాన్ని మళ్లీ అతికిస్తున్నారు అనుకుంటూ, తను గీయలేకపోయిన ఆపరేషన్ గదుల కొలతలు మనసులో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పడుకుంది. కంట్లో గాలి బుడగ పెట్టామని, అది పొరను లోపలి నుంచి ఒత్తి పట్టుకుంటుందని, కొన్నాళ్లు తల దించుకునే ఉండాలని, పడుకున్నా బోర్లానే పడుకోవాలని బయటికి పంపేటప్పుడు చెప్పారు.

ఇంటికి వచ్చాక సాయానికి పిన్ని దిగింది. పిన్ని ఉన్న చోట నిశ్శబ్దం ఉండదు. పెళ్లికూతురు కూడా ఇంత తల వంచుకుని కూర్చోదే, అని మొదటి రోజే అంది. అక్క మంచానికి అడ్డంగా బోర్లా పడుకుని, ముఖం అంచుకు ఆనించి, నేల వంకే చూస్తూ రోజులు గడిపింది. నేల బండల మధ్య గీతలన్నీ కుడి కంటికి కంఠతా వచ్చాయి. ఎడమ కన్ను కట్టు కింద ఏం చేస్తోందో తెలియదు. పొర అతుక్కుందా? మళ్లీ లేస్తోందా? తుమ్ము వస్తే భయం, దగ్గు వస్తే భయం. ఏడుద్దామన్నా ఏడవకూడదేమోనని భయం.

జట్టు ఫైనల్ ఆట వచ్చింది. దానికి ఒక హాలులో అందరూ కలిసి కూర్చుని ఆడాలి. తను వెళ్లనని తమ్ముడు ససేమిరా అన్నాడు. నువ్వు వెళ్లకపోతే నేను లేచి తిన్నగా కూర్చుంటానని అక్క బెదిరించింది. ఆ బెదిరింపుకు లొంగి, వెళ్లే ముందు అతను కొత్త మానిటర్‌ను కాళ్లు ఊడదీసి, మెత్తటి దుప్పటి మీద, తెర పైకి ఉండేలా నేల మీద పరిచాడు. ఆమె ముఖం కిందికి సరిగ్గా వచ్చేలా జరిపి, హాలు నుంచి వచ్చే ఆట అందులో పెట్టాడు.

ఆ సాయంత్రం పిన్ని, అక్క బావిలోకి చూసినట్టు ఆ తెరలోకి చూశారు.

"వీడెక్కడున్నాడే ఇందులో?" అంది పిన్ని.

"మనవాడి కళ్లతో చూస్తున్నాం పిన్నీ. ఆ తుపాకీ పట్టుకున్న చేతులు వాడివే."

"అయ్యో, ఎవరో వెనకాల వస్తున్నారు, వాడికి చెప్పవే," అంది పిన్ని. ఇద్దరూ గొంతు తగ్గించారు, అక్కడ వినబడుతుందేమో అన్నట్టు.

ఒంటి కంటితోనే అయినా ఆమెకు ప్రతి ఇటుకా, ప్రతి గడ్డిపరకా కనబడింది. తమ్ముడు ఇంత ఓపిగ్గా, తలుపు పక్కన ఊపిరి బిగబట్టి కాచుకోగలడని ఆమెకు అప్పటిదాకా తెలియదు. వాళ్లు గెలుస్తూ వచ్చి, ఆఖరి వంతులో ఓడిపోయారు. అతను ఇంటికి వచ్చి ఓడిపోయామని చెప్పబోతే, పిన్ని ఆటంతా అతనికే మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

కంట్లో బుడగ తగ్గుతూ తగ్గుతూ, పెసరబద్దంత అయి, ఒకనాడు మాయమైంది. ఆ తర్వాత పరీక్షకు వెళ్లారు. తమ్ముడిని బయటే ఉండమన్నారు. చీకటి గదిలో గోడ మీద అక్షరాల బోర్డు వెలిగింది. కుడి కంటికి అట్ట అడ్డం పెట్టారు. ఆమె చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని, పైవరస నుంచి మొదలుపెట్టింది. పెద్ద అక్షరం. తర్వాత రెండు. తర్వాత వరస, ఆ తర్వాతది. కిందికి వెళ్లేకొద్దీ అక్షరాలు చీమలవుతున్నాయి. డాక్టరమ్మ గళ్ల బొమ్మ ఒకటి ఇచ్చి, మధ్య చుక్క చూడమంది. గీతలు ఎలా ఉన్నాయని అడిగింది.

ఆమె చాలాసేపు చూసింది. "ఒక్క చోట కొంచెం ముడత ఉంది డాక్టర్ గారూ. మిగతావి తిన్నగా ఉన్నాయి," అంది.

ఆ ముడత బహుశా అలాగే ఉండిపోతుందని, రెండు కళ్లూ తెరిచి ఉంటే తెలియదని, మధ్యభాగం దక్కిందని డాక్టరమ్మ చెప్పింది. అటుపైన కళ్లద్దాల కొత్త నంబరు, వాడవలసిన చుక్కలు, మళ్లీ మెరుపులు కనబడితే ఏం చేయాలి అనే సంగతులు ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. ఆమె అన్నిటికీ తల ఊపింది. సగం వినలేదు.

బయట బెంచీ మీద తమ్ముడు మోకాళ్ల మీద మోచేతులు ఆనించుకుని, తల దించుకుని కూర్చున్నాడు. ఆమె వచ్చి ఎదుట నిలబడితే తల ఎత్తాడు.

"చివరి వరసలో రెండు తప్పు చెప్పాను," అంది ఆమె.

"మిగతావి?"

"మిగతావన్నీ చదివాను."

అతను లేచి, ఆమె చేతిలోని మందుల సంచీ తీసుకుని, తలుపు వైపు నడిచాడు. రెండు అడుగులు వేసి, గోడ వైపు తిరిగి, చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. ఆమె చూడనట్టే నిలబడి, అతను సర్దుకునేదాకా ఆగి, తర్వాత కలిసి బయటికి నడిచింది.